షెడ్డు కింది తీగ

పోయిన వారం కోడల్ని కారు షెడ్డు గుమ్మంలో నిలబెట్టి మనం వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను. ఆమె రంగుటద్దాల కిటికీలు చేస్తుంది. గాజు కోసి, అంచులు అరగదీసి, ముక్కని ముక్కకి సీసంతో అతుకుతుంది. ఇన్నాళ్ళూ వంటింటి బల్లే ఆమెకి కార్ఖానా. పాప పాదంలో గాజు పెచ్చు దిగబడిన రోజున, ఆ బల్ల మీద ఇక పని ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. చూస్తే గ్రంథాలయం వాళ్ళ పెద్ద కిటికీ సగంలో ఉంది. ఇంట్లో మిగిలిన చోటల్లా పెరట్లో కారు షెడ్డు. అందులో కారు లేదు, కరెంటూ లేదు. "షెడ్డుకి లైను వేయించుకుందాం మామయ్యా" అన్నప్పుడల్లా పెద్దాయన ఒక వంక పెట్టేవాడు. గోడకి చెమ్మ అనేవాడు, ఎలకలు తీగలు కొరుకుతాయనేవాడు, ఒకసారైతే చీకటి కళ్ళకి మంచిదని కూడా అన్నాడు. చివరికి పాప కుంటుకుంటూ వచ్చి ఒళ్ళో కూర్చుంటే మనసు కరిగి, "సరే, కానివ్వండి" అన్నాడు. అని, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో కోడలికి అప్పుడు అర్థం కాలేదు. ఇవాళ అయింది.

కరెంటు పనివాడు పొద్దున్నే వస్తానని ఎండెక్కాక వచ్చాడు. వీధిలో అందరూ ఆయన్ని మెరుపు అంటారు. పని మొదలుపెట్టేముందు ఆయన గోడని చూస్తూ నిలబడిపోయే తీరు చూసి వెటకారంగా పెట్టిన పేరది. మొదలుపెట్టడమే ఆలస్యం, పెట్టాక ఆగడు. తనకంటే పెద్దవాణ్ణి అలా పిలవడం కోడలికి ఇబ్బంది, అసలు పేరేమో తెలీదు. అందుకని "మెరుపుగారూ" అంటుంది. ఆ గారు ఆయనకి ఎంత నచ్చిందంటే, ఇంకెక్కడో ఒప్పుకున్న పని పక్కన పెట్టి ముందు ఇటొచ్చాడు.

"దీపాలు ఎక్కడెక్కడ కావాలో చెప్పండమ్మా," అన్నాడు.

చెప్పబోయి ఆమె తడబడింది. ఆ షెడ్డులో ఎన్ని సాయంత్రాలు ఒక్కతే నిలబడి లేని దీపాలు వెలిగించుకుందో ఎవరికి తెలుసు. కళ్ళు మూసుకుంటే ఆమెకి అక్కడ అంతా కనిపిస్తుంది. బల్ల మీద చెయ్యి నీడ పడకుండా అటొక ట్యూబులైటు, ఇటొక ట్యూబులైటు. ఎదుటి గోడకి తెల్లటి పలక, దాని వెనక ఇంకో దీపం. ఆ పలక మీద నీలం ముక్క పెడితే ఆ నీలం గోడలోంచి ఊరుతున్నట్టు ఉంటుంది. సీసం కరిగించే కడ్డీకి ఒక ప్లగ్గు, గాజు అరగదీసే మిషనుకి ఒక ప్లగ్గు. ఇదంతా ఆమె చేత్తో గాల్లో గీసి చూపిస్తుంటే, మెరుపు ఆ గాల్లోకే చూస్తూ తలూపాడు.

"ఇక్కడ రెండు, అక్కడొకటి. ఈ పక్క ప్లగ్గులు. అంతేగా?" అన్నాడు. 

"అంతే," అంది. అంతేనా అని తనకే నవ్వొచ్చింది.

ఇంటి గోడ దగ్గర్నుంచి షెడ్డు దాకా నేల తవ్వి, పైపు పెట్టి, అందులోంచి కొత్త తీగ తేవాలి. మెరుపు గునపం తీసుకున్నాడు. ఆమె షెడ్డులో కూర్చుని గాజు ముక్కలు తుడుచుకుంటోంది. రేకు తలుపుకి ఎక్కడో చిల్లు ఉంది. అందులోంచి సన్నటి ఎండ వచ్చి ఆమె చేతిలో ముక్కల మీద పడి, మట్టి నేల మీద ఒకసారి పసుపుగా, ఒకసారి ఆకుపచ్చగా పాకుతోంది. బయట గునపం చప్పుడు వింటుంటే ఆమెకి కునుకు లాంటిది పట్టింది. ఆ మగతలో షెడ్డు నిండా నీళ్ళున్నట్టూ, అడుగున తను ఊపిరాడుతూనే హాయిగా కూర్చున్నట్టూ అనిపించింది.

గునపం ఆగింది.

"అమ్మా, ఒకసారి ఇలా వస్తారా," అన్నాడు మెరుపు.

మట్టిలో ఒక నల్లటి తీగ బయటపడింది. పైపు లేదు, ఇటుకలు కప్పలేదు, ఒట్టి తీగని మట్టిలో పూడ్చేశారు. పై తొడుగు ఎండిన పెదవిలా పగిలి, లోపలి రాగి అక్కడక్కడ కనిపిస్తోంది. మెరుపు టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు.

"చచ్చిన తీగ," అన్నాడు. "ఎవరు వేశారో గానీ మహానుభావులు. దీని మొదలేదో, తోకేదో చూద్దాం."

మొదలు చూడటం తేలికే. అది ఇంటి గోడ పక్కనే వెళ్ళి పెద్దాయన గది కింద లోపలికి దూరింది. తోక కోసం మాత్రం తవ్వుకుంటూ పోవలసి వచ్చింది. తీగ షెడ్డు దగ్గర ఆగలేదు. మట్టి నేల కిందినుంచి, కారు నిలిపే చోటు కిందినుంచి నేరుగా పోయి, వెనక ప్రహరీ గోడ కిందికి దిగింది. గోడ అవతలికి వెళ్ళింది.

గోడ అవతల చిన్నమామయ్య ఇల్లు. ఆమె కాపురానికి వచ్చేనాటికే ఆ గోడ ఉంది, మాటల్లేకపోవడమూ ఉంది. ఒకప్పుడు అదంతా ఒకే ఇల్లట, ముందు వాటా, వెనక వాటా. పంచుకునేటప్పుడు అన్నదమ్ములకి ఈ షెడ్డు దగ్గర మాటా మాటా పెరిగింది. షెడ్డు అన్నకొచ్చింది, తమ్ముడు గోడ కట్టాడు. వీధిలో ఎదురుపడితే చిన్నమామయ్య ఎండ లేకపోయినా గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుని పోతాడు. పెద్దాయనేమో చెప్పు తెగిందేమోనన్నట్టు కిందికి చూసుకుంటాడు. ఇద్దరూ అదే పనిగా సాధన చేసినట్టు చేస్తారు.

"చచ్చిందే కదా, ఇక్కడ తుంచేసి పక్కన పారేస్తాను," అంటూ మెరుపు కత్తెర తీశాడు.

"ఆగు మెరుపూ."

పెద్దాయన షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. తవ్విన గోతిని, అందులో తీగని చూసి ఆయన మొహం పాలిపోయింది. చొక్కా గుండీ ఒకటి తప్పి ఇంకోదానిలో పెట్టుకుని ఉన్నాడు. ఇస్త్రీ మడత నలిగితే చొక్కా మార్చుకునే మనిషి.

"అది చావలేదు," అన్నాడు. "పగలు పడుకుంటుంది. సాయంత్రం లేస్తుంది."

మెరుపు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోడలు పాత స్టూలు మీద దుమ్ము దులిపి, "ముందు కూర్చోండి మామయ్యా," అంది. ఆయన కూర్చున్నాడు. కూర్చుని, తీగకే చెప్తున్నట్టు చెప్పాడు.

"మా అమ్మ వెనక వాటాలో ఉండేది. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయేది. చీకటి పడేసరికి వసారాలో ఒక్కతీ కూర్చుని ఉండేది, లేచి దీపం వేసుకోవాలంటే కష్టం. అందుకని బల్బు అక్కడ, స్విచ్చి నా గదిలో పెట్టాం. సాయంత్రం నేను ఇక్కడ నొక్కితే ఆవిడకి అక్కడ వెలిగేది. ఈ తీగ వేసింది మేమే. నేను ఇటునుంచి తోస్తుంటే వాడు అటునుంచి లాగాడు."

"మరి నానమ్మగారు పోయాక?"

"పోయాక పంపకాలు. గిన్నెలు పంచుకున్నాం, కుర్చీలు పంచుకున్నాం, చివరికి పెరట్లో ఎండ కూడా పంచుకున్నాం, గోడ అడ్డం పెట్టి. కోపంలో ఇద్దరికీ నేల కింద ఏముందో గుర్తు రాలేదు. గోడ కట్టిన రోజు సాయంత్రం అలవాటుగా స్విచ్చి నొక్కాను. నొక్కాక గుర్తొచ్చింది. కిటికీలోంచి చూస్తే గోడ పైన వెలుగు. వాడి వసారా అంతా వెలుగు." ఆయన గోతిలో తీగని చూశాడు. "ఆర్పబుద్ధి కాలేదమ్మా. మర్నాడు మళ్ళీ నొక్కాను."

ఆ మర్నాడు ఇంతవరకూ ముగియలేదన్నమాట. కోడలికి ఇప్పుడు అన్నీ తెలిసొచ్చాయి. చీకటి పడే వేళకి ఎక్కడున్నా ఇంటికి చేరాలని ఆయన పడే హడావిడీ, పెళ్ళిళ్ళలో భోజనం చెయ్యకుండా లేచి రావడమూ, షెడ్డుకి కరెంటు అనగానే పుట్టుకొచ్చే ఎలకలూ. ఏ కరెంటు పనివాడు వచ్చి తవ్వినా ఈ తీగ బయటపడుతుందని ఆయన భయం. ఇన్నాళ్ళూ లోలోపల ఆయన్ని విసుక్కున్నందుకు ఆమెకి సిగ్గేసింది.

"చిన్నమామయ్యకి తెలుసా?"

"తెలీదు. తెలిస్తే ఆ బల్బు పీకి మనింట్లోకి విసిరేస్తాడు. నా దగ్గర్నుంచి చీకటైనా తీసుకుంటాడు గానీ వెలుగు తీసుకోడు."

"స్విచ్చి నొక్కకుండా దీపం వెలుగుతుంటే అనుమానం రాదా?"

"మీ చిన్నత్తయ్య వేసిందనుకుంటాడు. ఆవిడేమో వాడు వేశాడనుకుంటుంది. ఆ ఇంట్లో ఒకరు చేసిన పని ఇంకొకరికి చెప్పుకునే అలవాటు లేదు," అన్నాడు పెద్దాయన గట్టి నమ్మకంతో.

మెరుపు గొంతు సవరించుకున్నాడు. ఇంటి గొడవల్లో తలదూర్చడం ఆయనకి ఇష్టం ఉండదు, కానీ తీగల విషయంలో ఊరుకోలేడు.

"పెద్దాయనా, మీరు ఏమీ అనుకోకండి. ఈ తీగ ఇలా ఉంచి నేను ఇక్కడ కొత్త లైను వెయ్యను. తొడుగు పోయింది. అమ్మగారి గాజు మిషను నీళ్ళు పోస్తూ నడిపేది. ఈ మట్టి తడుస్తుంది, తలుపు చూస్తే రేకు. తడి చేత్తో అమ్మగారు ఆ తలుపు పట్టుకున్నారంటే తర్వాత జరిగేది నేను చెప్పలేను. ఉంచాలంటే పైపు వేసి, కొత్త తీగతో అవతల బల్బు దాకా మళ్ళీ వెయ్యాలి. దానికి నేను గోడ దాటాలి. అవతలివాళ్ళని అడగాలి."

"అడిగే మాట లేదు," అన్నాడు పెద్దాయన.

"నేను వెళ్ళి అడుగుతాను మామయ్యా."

"నువ్వూ వద్దు."

"అయితే లైను వద్దు," అంది కోడలు. గ్రంథాలయం కిటికీ, తెల్లటి పలక మీద ఊరే నీలం, అన్నీ కళ్ళముందే ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. అయినా అంది. "నేను వంటింట్లోనే ఏదో తంటాలు పడతాను. పాపని పక్కింట్లో ఉంచుతాను. కిటికీ ఆలస్యమైతే అవుతుంది. మీరు ఇన్నాళ్ళు కాపాడుకున్నది నా కోసం తెంపుకోకండి."

పెద్దాయన ఆమె చేతులవైపు చూశాడు. వేళ్ళ నిండా గాజు గీరిన గీతలు. ఆ చూపు తిప్పి పాప చెప్పుల వైపు చూశాడు. ఒక చెప్పు గుమ్మం దగ్గర బోర్లా పడి ఉంది. ఆ పిల్ల చెప్పులు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట వదిలేస్తుంది, తడి నేలైనా పొడి నేలైనా చూసుకోదు.

"మెరుపూ," అన్నాడు, "తెంపెయ్యి."

"మామయ్యా..."

"ఆ బల్బు కోసం ఈ ఇంట్లో ఒక మనిషికి షాకు కొడితే మా అమ్మ నన్ను క్షమించదు. తెంపెయ్యమన్నానా."

మెరుపు ఇంట్లోకి వెళ్ళి మెయిన్ ఆపి వచ్చాడు. తీగ తెగిన చప్పుడు పెద్దదేం కాదు, గోరు కత్తిరించినంత. పెద్దాయన లేచి, తెగిన చివర్లు రెండూ వంగి చూసి, తన గదికి వెళ్ళిపోయాడు. నడకలో తేడా లేదు. తేడా లేకుండా నడవాలని ఆయన ఎంత కష్టపడుతున్నాడో కోడలికి తెలిసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గోడవైపు తవ్విన గొయ్యి పూడ్చడానికి మెరుపుకి సాయం చేసింది.

మధ్యాహ్నమంతా పని సాగింది. పైపు దిగింది, అందులోంచి కొత్త తీగ వచ్చింది. షెడ్డు పక్కన ఇంకో గొయ్యి తీసి ఎర్తింగు పెట్టాడు. లోపల చిన్న పెట్టె బిగించి, "ఏ తేడా వచ్చినా ఇది ఠక్కున పడిపోతుంది, మీరు హాయిగా ఉండొచ్చు," అన్నాడు. ట్యూబులైట్లూ, తెల్లటి పలకా ఆమె గాల్లో గీసిన చోటే, ఇంచుమించు అలాగే వెలిశాయి. పని అయ్యేసరికి పొద్దు వాలింది. పెరట్లో వస్తువులన్నీ అంచులు కోల్పోయి ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి.

"మీరే నొక్కండమ్మా," అన్నాడు మెరుపు.

నొక్కింది.

రెండుసార్లు రెప్పలాడించి దీపాలు కళ్ళు తెరిచాయి. అన్నేళ్ళ చీకటి ఒక్కసారిగా లేచి ఎటు పోయిందో తెలీలేదు. గోడకి ఆనించి ఉన్న గాజులన్నీ మేలుకున్నాయి. తెల్లటి పలక ముందు సగం అయిన గ్రంథాలయం కిటికీ ఉంది. ఆ కిటికీ బొమ్మలో ఉన్న నది నీలం ఆమె చేతుల మీదికీ, మెరుపు తెల్ల జుట్టు మీదికీ పారింది. ఇన్నాళ్ళూ తను నల్లదనుకున్న ఒక ముక్క నిజానికి ముదురు వంగపండు రంగని ఆమె అప్పుడే చూసింది. సంతోషం గొంతుదాకా వచ్చింది. దాన్ని ఎవరికైనా చెప్పాలని వెనక్కి తిరిగింది.

గుమ్మంలో పెద్దాయన ఉన్నాడు. ఆయన దీపాలవైపు చూడటం లేదు. షెడ్డు పక్కనుంచి వెనక ప్రహరీ గోడవైపు చూస్తున్నాడు. గోడ పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"అలవాటు చొప్పున నొక్కి వచ్చాను," అన్నాడు చిన్నగా. "వేలికి తెలీదు కదా."

కోడలు ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది. మనసులో మధ్యాహ్నం నుంచి తిరుగుతున్న ప్రశ్నే అడిగింది.

"మామయ్యా, ఇన్నేళ్ళలో ఆ బల్బు ఒక్కసారీ మాడిపోలేదా?"

"ఏమో. నేను నొక్కేవాణ్ణి, అది వెలిగేది. ఎప్పుడైనా ఒకటి రెండు రోజులు వెలగకపోతే భయపడేవాణ్ణి, మళ్ళీ వెలిగేది." ఆయన ఏదో గుర్తు తెచ్చుకున్నాడు. "ముందు పసుపుగా ఉండేది వెలుగు. ఆమధ్య తెల్లగా మారింది. నా కళ్ళే పాడయ్యాయనుకున్నా."

"కళ్ళు పాడవలేదు. బల్బు మార్చారు. మాడిన ప్రతిసారీ ఎవరో స్టూలెక్కి మార్చారు." ఆమె గొంతు తగ్గించింది. "తన ఇంట్లో స్విచ్చి లేని బల్బుని ఎవరు మారుస్తారు మామయ్యా? దాని స్విచ్చి ఎక్కడుందో తెలిసినవాళ్ళు తప్ప. ఆ తీగ అటునుంచి లాగింది ఆయనే కదా."

పెద్దాయన ఆమెవైపు తిరిగాడు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ తట్టని మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం. పెదవులు కదిలాయి. వాడికి తెలుసు, అన్నాయి, చప్పుడు లేకుండా. తెలిసీ మార్చాడు. తెలిసీ ప్రతి సాయంత్రం నా వెలుగులో కూర్చున్నాడు. ఆ సంగతి తెలిసేసరికి తీగ తెగిపోయి, మట్టి కింద ఉంది.

"ఒక్కసారి ఈ దీపాలు ఆపమ్మా," అన్నాడు.

ఆమె ఆపింది. షెడ్డు మళ్ళీ పాత షెడ్డైంది. ముగ్గురూ గోడవైపు చెవులు పెట్టి నిలబడ్డారు. మెరుపు కూడా కదలకుండా, చేతిలో స్క్రూ డ్రైవరుతో అలాగే ఉన్నాడు. గోడ అవతల ఎవరో వసారాలోకి వచ్చిన అడుగుల చప్పుడు. తర్వాత నేల మీద స్టూలు జరిగింది. ముసలి మోకాళ్ళతో దాని మీదికి ఎక్కుతున్న మూలుగు. హోల్డర్‌లోంచి బల్బు తీస్తున్న కిర్రు. అట్టపెట్టె చింపుతున్న చప్పుడు. మళ్ళీ కిర్రుమంటూ కొత్త బల్బు బిగిసింది.

వెలగలేదు. 

ఆ మనిషి స్టూలు మీదే ఉండిపోయినట్టున్నాడు. దిగిన అలికిడి లేదు. కోడలు పెద్దాయన మోచెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా," అన్న పిలుపు గోడ మీదినుంచి వచ్చింది. వాడక వాడక తుప్పు పట్టిన గొంతు. "అన్నయ్యా... ఒంట్లో బాగానే ఉందా?"

పెద్దాయన నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు, గాలి మాత్రం వచ్చింది.

"పలకండి మామయ్యా," అంది కోడలు ఆయన చెవిలో. "మీకేదో అయిందనుకుంటున్నారు."

ఆయన తలూపాడు, పలుకుతానన్నట్టు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి గానీ గొంతు పెగలడం లేదు. అవతల జవాబు కోసం చూసి చూసి, ఆ మనిషి స్టూలు దిగాడు. దిగి, దాన్ని గోడ దగ్గరికి ఈడ్చుకు రావడం మొదలుపెట్టాడు.